ఒకే తీరు ఖనిజాలను విడదీసే డిప్రెసెంట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీసం, జింకు, రాగి, ఇనుము సల్ఫైడ్లు ఒకే రాయిలో కలగలిసి ఉన్నప్పుడు వాటిని నురుగు మీద విడదీయడానికి వాడే రసాయనాల గురించి విద్యార్థులు, మిల్లుల్లో కొత్తగా చేరిన ఇంజినీర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఏ రసాయనం వేయాలి, ఎంత వేయాలి అని ఇక్కడ ఎక్కువమంది అడుగుతారు. దానికి ముందు అడగాల్సింది ఒకటుంది: మనకు అక్కరలేని ఖనిజం అసలు ఎందుకు తేలుతోంది? ఆ కారణం తెలిస్తే రసాయనం ఎంపిక సగం పూర్తయినట్లే.

డిప్రెసెంట్ అంటే ఏమిటి?

ప్లవన ప్రక్రియలో ముడిఖనిజాన్ని పిండిలా నూరి, నీటిలో కలిపి, ఆ స్లరీలోకి గాలి బుడగలు పంపుతారు. తామరాకులా నీరంటని ఉపరితలం ఉన్న రేణువులు బుడగలకు అతుక్కుని పైకి వచ్చి నురుగులో చేరతాయి. తడిసే స్వభావం ఉన్నవి నీటిలోనే ఉండిపోతాయి. చాలా ఖనిజాలు సహజంగా తడుస్తాయి కాబట్టి వాటికి నీరంటని పూత వేసే కలెక్టర్ అనే రసాయనం కావాలి. దాని అణువుకు ఒక చివర ఖనిజాన్ని పట్టుకునే తల, మరో చివర నీటిని దూరం పెట్టే హైడ్రోకార్బన్ తోక ఉంటాయి. డిప్రెసెంట్ చేసే పని దీనికి తలకిందులు. మనం ఎంచుకున్న ఖనిజం మీద ఆ పూత పడకుండా ఆపుతుంది, లేదా పడిన పూతను తీసేస్తుంది, లేదా పూత మీదే నీటికి ఇష్టమైన మరో పొర కప్పుతుంది. ఖనిజం కరిగిపోదు, బరువెక్కదు. తడిసిపోయి, బుడగకు దొరకకుండా ఉంటుంది, అంతే.

సాంద్రత తేడాతో విడదీయవచ్చు కదా, ఈ రసాయనాలన్నీ ఎందుకు?

నీటి సాంద్రత 1 అనుకుంటే జింకు ఖనిజం స్ఫాలరైట్‌ది దాదాపు 4, రాగి ఖనిజం చాల్కోపైరైట్‌ది 4.2, ఇనుప సల్ఫైడ్ పైరైట్‌ది 5. ఇంత దగ్గరి అంకెలతో గురుత్వ పద్ధతులు చేయగలిగింది చాలా తక్కువ. సీసపు ఖనిజం గెలీనా సాంద్రత 7.5 కాబట్టి అక్కడ ఆశ కనిపిస్తుంది. కానీ ఈ ఖనిజాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలంటే చాలా రాళ్లను కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా నూరాలి. అంత సన్నని పొడిలో బరువు తేడా కంటే రేణువు పరిమాణమే మునిగే వేగాన్ని శాసిస్తుంది. ఇక మిగిలేది ఉపరితలాల తేడా. ఆ తేడా సహజంగా చాలకపోతే పెంచేందుకే డిప్రెసెంట్.

స్ఫాలరైట్ సీసంతోపాటు తేలిపోతోంది. సయనైడ్, జింక్ సల్ఫేట్ దాన్ని ఎలా ఆపుతాయి?

ఈ రంగంలో నాకు అన్నిటికంటే అందంగా అనిపించే రసాయన కథ ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

శుద్ధమైన స్ఫాలరైట్‌కు ఇథైల్ జాంథేట్ వంటి చిన్న తోక కలెక్టర్ అంటుకుని నిలవదు. ఆ చర్యలో పుట్టే జింక్ జాంథేట్ నీటిలో తేలికగా కరిగిపోతుంది కాబట్టి ఉపరితలం మీద పూత నిలబడదు. అంటే ఆ ఖనిజం తనంతట తాను తేలకూడదు. మరి మిల్లులో ఎందుకు తేలుతుంది? రాయిలోని రాగి ఖనిజాలు కొంచెం ఆక్సీకరణం చెందినా నీటిలోకి రాగి అయాన్లు వస్తాయి. అవి స్ఫాలరైట్ ఉపరితలంలోని జింకును తోసి ఆ స్థానంలో కూర్చుంటాయి. అప్పుడు పైపొర రాగి సల్ఫైడ్ లాంటిదవుతుంది. రాగి జాంథేట్ కరగదు, కాబట్టి పూత నిలబడుతుంది, రేణువు తేలుతుంది. సీసపు అయాన్లు కూడా ఇలాంటి పనే చేయగలవు.

కారణం తెలిసింది కాబట్టి మందు కూడా తెలిసినట్లే. సయనైడ్ అయాన్ రాగిని గట్టిగా పట్టుకుని కరిగే సంక్లిష్ట అయాన్‌గా మార్చేస్తుంది. నీటిలో ఉన్న రాగి స్ఫాలరైట్‌ను చేరదు, చేరినది కూడా ఊడిపోతుంది. జింక్ సల్ఫేట్ క్షార మాధ్యమంలో జింక్ హైడ్రాక్సైడ్‌గా మారి స్ఫాలరైట్ మీద తడిసే పొరగా పేరుకుంటుంది. రెండూ కలిపితే విడివిడిగా వేసినదానికంటే మెరుగైన ఫలితం వస్తుంది కాబట్టి సాధారణంగా జంటగానే వాడతారు. టన్ను ముడిఖనిజానికి సయనైడ్ కొన్ని పదుల గ్రాములు, జింక్ సల్ఫేట్ కొన్ని వందల గ్రాములు సరిపోవడం మామూలు.

సీసం తేలిపోయాక మిగిలిన స్లరీలో కాపర్ సల్ఫేట్ వేస్తారు. ఇంతసేపూ దూరం పెట్టిన రాగిని ఇప్పుడు మనమే తెచ్చి స్ఫాలరైట్‌కు అంటించి తేలుస్తాం. ఒకే అయాన్ ఒక దశలో శత్రువు, మరో దశలో మిత్రుడు. సయనైడ్ వాడకం మీద అమెరికాలో షెరిడన్, గ్రిజ్‌వోల్డ్ 1922లో పేటెంట్లు పొందారు. ప్లవన ప్రక్రియ ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల్లో 1900ల తొలి దశకంలోనే పారిశ్రామిక స్థాయికి చేరింది. అయితే సల్ఫైడ్లన్నీ కట్టగట్టుకుని తేలే స్థితి నుంచి ఒక్కొక్కటిగా తేల్చే స్థితికి రావడంలో సయనైడ్ పెద్ద మలుపు.

ఒక హెచ్చరిక. రాయిలో చాల్కోసైట్, కోవెలైట్ వంటి ద్వితీయ రాగి ఖనిజాలు ఉంటే సయనైడ్ వాటినే కరిగిస్తుంది. వేసిన సయనైడ్ ఖర్చయిపోతుంది, నీటిలో రాగి పెరుగుతుంది, స్ఫాలరైట్ మళ్లీ చురుకవుతుంది. అలాంటి రాయికి సయనైడ్ పెంచుకుంటూ పోవడం ఖర్చు తప్ప మరేమీ మిగల్చదు. సోడియం మెటాబైసల్ఫైట్, జింక్ సల్ఫేట్ జంటను పరీక్షించడం మేలు.

పైరైట్‌ను ఆపడానికి సున్నం చాలదా?

చాలాసార్లు చాలుతుంది. సున్నం చవక, దొరకని చోటు లేదు, వాడకం సులువు. రాగి మిల్లుల్లో పీహెచ్‌ను 10.5 నుంచి 12 దాకా ఎత్తి పైరైట్‌ను ఆపడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మొదటి ఎంపిక. పీహెచ్ పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లు జాంథేట్ అయాన్లతో పోటీ పడి ఉపరితలాన్ని ఆక్రమిస్తాయి. పైరైట్ మీద ఐరన్ హైడ్రాక్సైడ్ పొర ఏర్పడుతుంది. సున్నంలోని కాల్షియం కూడా ఆ ఉపరితలం మీద చేరి తడి స్వభావాన్ని పెంచుతుంది. అందుకే ఒకే పీహెచ్ దగ్గర కాస్టిక్ సోడా కంటే సున్నం పైరైట్‌ను గట్టిగా అణుస్తుంది.

అయితే పీహెచ్ ఒక్కటే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో 1930ల్లో వార్క్, కాక్స్ అనే పరిశోధకులు కొలిచిన అంకెలు చూస్తే స్పష్టమవుతుంది. లీటరుకు 25 మిల్లీగ్రాముల పొటాషియం ఇథైల్ జాంథేట్ ఉన్నప్పుడు బుడగ ఖనిజానికి అంటుకోవడం ఆగిపోయే పీహెచ్ పైరోటైట్ అనే ఇనుప సల్ఫైడ్‌కు 6, ఆర్సెనిక్ కలిసిన ఆర్సెనోపైరైట్‌కు 8.4, గెలీనాకు 10.4, పైరైట్‌కు 10.5, చాల్కోపైరైట్‌కు 11.8. చాల్కోపైరైట్‌కూ పైరైట్‌కూ మధ్య ఒక పీహెచ్ యూనిట్‌కు పైగా ఖాళీ ఉంది, ఆ సందులో పనిచేయవచ్చు. గెలీనాకూ పైరైట్‌కూ మధ్య అసలు సందే లేదు. పీహెచ్ ఎంత తిప్పినా అవి రెండూ కలిసే తేలతాయి, కలిసే ఆగుతాయి. అక్కడ సయనైడ్ లాంటి మరో చేయి కావాలి, లేదా కలెక్టర్‌నే మార్చాలి. అదే వరుసలో సోడియం డైఇథైల్ డైథయోఫాస్ఫేట్‌తో కొలిస్తే పైరైట్ 3.5 దగ్గర, గెలీనా 6.2 దగ్గర ఆగాయి. కలెక్టర్ మారగానే సందు ఏర్పడింది. డిప్రెసెంట్ సమస్యగా కనిపించేది కొన్నిసార్లు కలెక్టర్ ఎంపికలో పొరపాటు కావచ్చని ఈ అంకెలు నేర్పుతాయి.

సున్నంతో నష్టమూ ఉంది. అది విడి బంగారాన్ని, కొంతవరకు గెలీనాను కూడా అణుస్తుంది. సీసం సర్క్యూట్లలో పీహెచ్ కోసం సున్నానికి బదులు సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వాడటానికి కారణం అదే.

విలువైన ఖనిజాన్నే అణచడం ఎక్కడైనా ఉందా?

ఉంది, రాగి–మాలిబ్డినం దగ్గర. మొదట రెండూ కలిపి తేలుస్తారు. తర్వాత నురుగులో పోగైన ఆ సరుకులో (కాన్సంట్రేట్) రాగి ఖనిజాలను అణచి, మాలిబ్డినం ఖనిజం మాలిబ్డినైట్‌ను తేలుస్తారు. ప్రధాన ఉత్పత్తి అయిన రాగిని కిందికి నెట్టడం ఏమిటని కొత్తవారు ఆశ్చర్యపోతారు. మాలిబ్డినైట్ పొరలు పొరలుగా చీలే ఖనిజం, ఆ పొరల ముఖాలు పుట్టుకతోనే నీరంటనివి. కలెక్టర్ లేకుండానే తేలేదాన్ని అణచడం కష్టం. పైగా దాని పరిమాణం చాలా స్వల్పం. తక్కువగా ఉన్నదాన్ని తేల్చి, ఎక్కువగా ఉన్నదాన్ని కింద ఉంచడం ప్లవనంలో మంచి సూత్రం, ఎందుకంటే నురుగు మోయగల బరువుకు హద్దుంది.

ఇక్కడ ఎక్కువగా వాడేది సోడియం హైడ్రోసల్ఫైడ్. అది స్లరీ ఎంత ఆక్సీకరించగలదో చూపే రెడాక్స్ పొటెన్షియల్‌ను బాగా కిందికి దించుతుంది, రాగి ఖనిజం మీది జాంథేట్ ఊడిపోతుంది. వెండి–వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే మైనస్ 450 నుంచి మైనస్ 550 మిల్లీవోల్టుల ప్రాంతంలో ఉంచడం వాడుక. చిక్కు ఏమిటంటే, ప్లవనం జరిగే తొట్టి (సెల్)లోకి పంపే గాలిలోని ఆక్సిజన్ ఈ రసాయనాన్ని తినేస్తూ ఉంటుంది. అందుకే మూతలున్న సెల్స్‌లో గాలికి బదులు నైట్రోజన్ పంపి ఖర్చు బాగా తగ్గిస్తారు. ఇక్కడ మోతాదును నడిపించాల్సింది ఎలక్ట్రోడ్ చూపే అంకె. రోజూ ఇంతే అని ఒక పరిమాణం పెట్టుకుంటే ఒకరోజు వృథా, మరోరోజు కొరత.

రాగిని, సీసాన్ని ఎలా వేరుచేస్తారు?

రెండు దారులు. గెలీనాను అణచి రాగిని తేల్చడం, లేదా సయనైడ్‌తో రాగిని అణచి సీసాన్ని తేల్చడం. మొదటిదానికి పొటాషియం లేదా సోడియం డైక్రోమేట్ చాలాకాలం వాడారు. గెలీనా మీద లెడ్ క్రోమేట్ పొర ఏర్పడి అది తడిసిపోతుంది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. సల్ఫర్ డయాక్సైడ్‌తో గంజి లేదా డెక్స్‌ట్రిన్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి ప్రత్యామ్నాయాలు ఉండగా కొత్త మిల్లులో డైక్రోమేట్‌ను ఎంచుకోవడం నాకు సమర్థనీయంగా కనిపించదు.

ఇనుప ఖనిజంలో గంజి వాడతారట, నిజమేనా?

నిజమే. హెమటైట్ అనే ఇనుప ఆక్సైడ్ ఖనిజంలోని ఇసుకను (క్వార్ట్జ్) తీసేయడానికి తిరగేసిన ప్లవనం వాడతారు: ఇసుక నురుగులోకి పోతుంది, ఇనుము కింద ఉంటుంది. పీహెచ్ 10 ప్రాంతంలో క్వార్ట్జ్, హెమటైట్ రెండింటి ఉపరితలాలూ రుణావేశంతో ఉంటాయి. ధనావేశం గల అమీన్ కలెక్టర్ రెండింటినీ పట్టుకోగలదు. అప్పుడు మొక్కజొన్న పిండి వంటి వాటి నుంచి తీసిన గంజి అడ్డు వస్తుంది. దాని పొడవాటి గొలుసుల్లోని హైడ్రాక్సిల్ సమూహాలు హెమటైట్ మీది ఇనుప స్థానాలను పట్టుకుంటాయి, క్వార్ట్జ్ మీద అంతగా నిలవవు. గంజి పట్టిన రేణువు తడిసే రేణువు.

పొడి పిండిని నేరుగా స్లరీలో చల్లితే ఫలితం ఉండదు. కాస్టిక్ సోడాతోనో, వేడితోనో పిండి రేణువులు పగిలి గొలుసులు విప్పారాలి. సరిగా ఉడకని గంజి వల్ల ఇనుము నురుగులో పోయే మిల్లులో అమీన్‌ను నిందించడం తరచుగా జరిగే పొరపాటు. తయారుచేసిన గంజిని రోజుల తరబడి నిల్వ ఉంచినా పులిసి గొలుసులు తెగుతాయి. ఇంకొక సంగతి, అతి సన్నని బంకమట్టి రేణువులు గంజినీ అమీన్‌నూ కూడా తాగేస్తాయి. 10 మైక్రాన్ల లోపు మడ్డిని ముందే తీసేయడం ఇందుకే.

టాల్క్ లాంటివి కలెక్టర్ లేకుండానే తేలుతున్నాయి. వాటికేమి చేయాలి?

టాల్క్ అనే మెత్తని సిలికేట్ ఖనిజం కూడా మాలిబ్డినైట్ లాగే పుట్టుకతో నీరంటనిది. ఇక్కడ ఆపడానికి కలెక్టర్ ఏదీ లేదు కాబట్టి ముఖాన్నే కప్పాలి. గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ గమ్, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఆ పని చేస్తాయి. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ ప్లాటినం ఖనిజాల్లో వీటి వాడకం విస్తారం. గ్వార్ గట్టిగా పట్టుకుంటుంది కానీ విలువైన సల్ఫైడ్ల మీద కూడా కొంత చేయి వేస్తుంది. రుణావేశం గల సెల్యులోజ్ కాస్త ఎంచుకుని పట్టుకుంటుంది. టాల్క్‌ను బాగా అణిచేసరికి నురుగు పలచబడి కూలిపోవచ్చు, ఎందుకంటే అంతవరకు నురుగును నిలబెట్టింది ఆ టాల్కే. అప్పుడు నురుగు రసాయనాన్ని పెంచి చూడండి.

షీలైట్, ఫ్లోరైట్, కాల్సైట్ విడదీయడం అంత కష్టం ఎందుకు?

షీలైట్ టంగ్‌స్టన్ ఖనిజం, ఫ్లోరైట్ కాల్షియం ఫ్లోరైడ్, కాల్సైట్ కాల్షియం కార్బొనేట్. మూడింటి ఉపరితలం మీదా ఉన్నది కాల్షియమే. కొవ్వు ఆమ్ల కలెక్టర్ పట్టుకునేదీ ఆ కాల్షియాన్నే. పైగా ఇవి నీటిలో కొద్దికొద్దిగా కరిగి ఒకదాని అయాన్లు మరొకదాని మీద చేరతాయి. సోడియం సిలికేట్, క్వెబ్రాకో చెట్టు నుంచి తీసే టానిన్ ఇక్కడి పనిముట్లు. షీలైట్‌కు పెట్రోవ్ పద్ధతి ఉంది: చిక్కటి కాన్సంట్రేట్‌ను చాలా సోడియం సిలికేట్‌తో కలిపి 80–90 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి కలియబెడతారు. కాల్సైట్, ఫ్లోరైట్ మీది కలెక్టర్ ఊడిపోతుంది, షీలైట్ మీద నిలుస్తుంది. ఇంధనం ఖర్చు ఎక్కువైనా ఇది ఇంకా వాడుకలో ఉందంటే ఈ జట్టును విడదీయడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

డిప్రెసెంట్ మోతాదు పెంచినా మలినం తగ్గడం లేదు. ఇంకా పెంచాలా?

ఆపండి. ముందు సూక్ష్మదర్శిని కింద మీ కాన్సంట్రేట్‌ను చూడండి. అక్కరలేని ఖనిజం నురుగులోకి మూడు దారుల్లో వస్తుంది, వాటిలో డిప్రెసెంట్ మూయగలిగింది ఒక్కటే.

మొదటి దారి నిజమైన ప్లవనం. రేణువు ఉపరితలానికి కలెక్టర్ అంటింది, లేదా పుట్టుకతోనే నీరంటనిది, బుడగకు అతుక్కుంది. డిప్రెసెంట్ పని ఇక్కడే. రెండోది జంట రేణువు. ఒక పక్క గెలీనా, మరో పక్క స్ఫాలరైట్ అంటుకుని ఉన్న రేణువును గెలీనా పక్క పట్టుకుని బుడగ పైకి తెస్తుంది. దాన్ని అణిస్తే సీసమూ పోతుంది. దీనికి మందు మరింత నూరడమే. మూడోది నీటితో కొట్టుకురావడం. 20 మైక్రాన్ల లోపు సన్నని రేణువులు బుడగకు అతుక్కోకపోయినా, బుడగల మధ్య నీటితోపాటు నురుగులోకి వచ్చేస్తాయి. వాటి ఉపరితలం ఎలా ఉన్నా సంబంధం లేదు కాబట్టి ఏ డిప్రెసెంట్ వాటిని ఆపలేదు. నురుగు లోతు పెంచడం, గాలి తగ్గించడం, నురుగు మీద నీళ్లు చల్లి కడగడం, స్లరీని పలచన చేసి మళ్లీ శుద్ధిచేయడం పనికొస్తాయి.

ఏ దారిలో వస్తోందో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. నురుగును రకరకాల వేగాలతో గీకి, ప్రతిసారీ ఎంత నీరు వచ్చిందో, ఎంత మలినం వచ్చిందో తూచండి. రెండూ కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది నీటితో కొట్టుకొస్తోంది. ఈ పరీక్షకు ఒక్క పూట చాలు. దాన్ని చేయకుండా నెలల తరబడి సయనైడ్ డయల్ తిప్పుతూ కూర్చోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అధిక మోతాదు విలువైన ఖనిజాన్ని కూడా మెల్లగా అణిచేసి వ్యర్థాల్లోకి (టెయిలింగ్స్) పంపుతూ ఉంటుంది.

ఏ వరుసలో వేయాలి?

సాధారణంగా డిప్రెసెంట్ ముందు, కలెక్టర్ తర్వాత. ఇంకా మెరుగైనది రాయిని నూరే బాల్ మిల్లులోనే వేయడం, తాజాగా చీలిన ఉపరితలం మీదకు రాగి అయాన్లు చేరకముందే సయనైడ్ సిద్ధంగా ఉంటుంది.

సయనైడ్, హైడ్రోసల్ఫైడ్ వల్ల ప్రమాదం ఎంత?

ప్రాణాంతకం. రెండింటికీ అపాయం ఒకే దిక్కు నుంచి వస్తుంది: పీహెచ్ పడిపోవడం. పీహెచ్ 9.2 దగ్గర సయనైడ్‌లో సగం హైడ్రోజన్ సయనైడ్ రూపంలోకి మారిపోతుంది, అది గాలిలోకి లేస్తుంది. హైడ్రోసల్ఫైడ్ స్లరీలో ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్లిన గుడ్ల వాసనతో దాన్ని గుర్తుపడతామని ధీమా వద్దు. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. సయనైడ్ ద్రావణాన్ని 10.5కు పైన ఉంచడం, ఆమ్లాల గొట్టాలను, గదులను పూర్తిగా వేరుగా పెట్టడం, గ్యాస్ మీటర్లను రోజూ సరిచూడటం, ఒంటరిగా ఎవరినీ ఆ గదిలోకి పంపకపోవడం తప్పనిసరి. మెటాబైసల్ఫైట్ కూడా ఆమ్ల స్వభావం గలదేనని, దాన్ని సయనైడ్ ట్యాంకు పక్కన పెట్టకూడదని మరవవద్దు.

ప్రయోగశాలలో చక్కగా విడిపోయాయి, మిల్లులో విడిపోవడం లేదు. ఎందుకు?

మొదట నీటిని అనుమానించండి. ప్రయోగశాలలో కుళాయి నీరు వాడి ఉంటారు, మిల్లులో తిరుగుతున్నది టెయిలింగ్స్ చెరువు నుంచి వెనక్కి వచ్చిన నీరు. దానిలో మిగిలిపోయిన జాంథేట్, జింకు దశలో వేసిన కాపర్ సల్ఫేట్ తాలూకు రాగి, సున్నం తాలూకు కాల్షియం ఉంటాయి. ఆ రాగి సీసం దశకు చేరితే, ఇందాక చెప్పుకున్న కథ మళ్లీ మొదలవుతుంది: స్ఫాలరైట్ అక్కడే తేలిపోతుంది. జింకు దశ నీటిని జింకు దశకే తిప్పుకునే ఏర్పాటు చేసుకోవాలి.

తర్వాత నూరే గుండ్లను చూడండి. మామూలు ఉక్కు గుండ్లు తుప్పుపడుతూ ఆక్సిజన్‌ను తాగేస్తాయి, ఐరన్ హైడ్రాక్సైడ్‌ను అన్ని ఖనిజాల మీదా పూస్తాయి. ప్రయోగశాల మిల్లులో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడి ఉంటే అక్కడి ఉపరితలాలు వేరు, ఇక్కడి ఉపరితలాలు వేరు. ఇక రాయి పాతబడటం మూడోది. గని నుంచి తీసి కుప్ప పోసిన సల్ఫైడ్ ఖనిజం వారాల్లోనే ఆక్సీకరణం చెంది రాగి, సీసం అయాన్లు వదులుతుంది. నమూనా తాజాది, మిల్లుకు వస్తున్నది నెల కిందటి కుప్ప అయితే, ఆ రెండింటి ఫలితాలను పోల్చడంలో అర్థం లేదు. మిల్లు నీటిని డబ్బాలో పట్టి తెచ్చి, ఈ పూట మిల్లులోకి వెళ్తున్న రాయితోనే ప్రయోగశాల పరీక్షను మళ్లీ చేయండి. తేడా మాయమైతే కారణం నీటిలోనో రాయిలోనో ఉంది, మాయం కాకపోతే సెల్స్‌లో వెతకాలి.